డెల్టా భూములలో చిక్కుడు వ్యవసాయము : అందలి ఆహారగుణములు

గోదావరీ డెల్టాయందలి రైతునకు వరినిగూర్చి క్రొత్తగా చెప్పవలసినది స్వల్పము. ధవళేశ్వరమువద్ద 1847 వ సంవత్సరమున ఆరంభింపబడిన ఆనకట్ట 1852 లో పూర్తియైనది మొదలు కాలువనీరు ఈ సీమ స్వరూపమునే మార్చినది. కాలక్రమమున సార్వా, దాళ్వా అను రెండు పంటలును స్థిరపడినవి. గాదెలు నిండినవి. అయితే గాదె నిండుట వేఱు, కంచము నిండుట వేఱు. ధాన్యమునకు లోటులేని యింటనే పిల్లలు పాలిపోయియుండుటయు, బాలింతలు నీరసించియుండుటయు మనము చూచుచున్నదే. 2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేనుబట్టి ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 సంవత్సరముల వయస్సుగల స్త్రీలలో సగముకంటె నెక్కువమందికి రక్తహీనత కలదు.

ఈ లోపమును తీర్చు ఉపాయములలో నొకటి మన గట్టుమీదనే, దొడ్డిలోనే కలదు. అది చిక్కుడు. సంక్రాంతి దినములలో కూరగాను, రథసప్తమినాడు సూర్యభగవానుని నైవేద్యమునకు ఆకుగాను దీనిని ప్రతి గృహస్థుడును ఎఱుగును. కాని దీనిని పంటగా ఎంచి, కాలమెఱిగి విత్తి, క్రమమెఱిగి వండువారు తక్కువ. ఆ రెండు విషయములును తెలుపుటయే ఈ కరపత్రము యొక్క ఉద్దేశము.

1. పేరునుగూర్చిన పొరపాటు

ఆంగ్లమున బ్రాడ్ బీన్స్ అను పేరు రెండు వేర్వేఱు మొక్కలకు వాడబడుచున్నది. మన దేశపు కూరగాయల అంగళ్ళలో ఆ పేరునకు మన పాదు చిక్కుడనియే అర్థము. విదేశములయందును ఉత్తర హిందూస్థానమునందును అది బాకలా యనబడు వేఱొక కాయకు చెల్లును. బాకలా చలిని కోరు మొక్క. ఐగుప్తు మొదలైన దేశములలో నిది ముఖ్యాహారము. సముద్రతీరపు ఉక్కకు తాళజాలదు గనుక డెల్టాలో దానిని నమ్ముకొని విత్తుట తగదు. కావున విత్తనపు పొట్లముపై ఆంగ్లనామము మాత్రమే యున్నయెడల, లోపలి గింజను చూచి మఱి కొనవలయును. చిక్కుడుగింజకు ఒక అంచున తెల్లని పొడవైన కన్ను స్పష్టముగా నుండును. బాకలా గింజ పెద్దదియు, బల్లపరుపుగా నొక్కబడినదియునై యుండును.

ఈ భేదము ఆరోగ్యవిషయమునను ముఖ్యమైనది. కొందఱికి పుట్టుకతోనే రక్తకణములలో జీ-సిక్స్-పీ-డీ అను ఒక ద్రవ్యము కొఱతగా నుండును. అట్టివారు బాకలా తినినచో రక్తకణములు చితికి, కామెరలవలె పసుపు వర్ణము కలిగి, ప్రాణాపాయము కూడ సంభవింపవచ్చును. దూరదేశములందలి మన బంధువులు బాకలాను చిక్కుడే యనుకొని వండుకొనుట కలదు గనుక, ఇంట నెవరికైన ఈ కొఱత యున్నట్లు వైద్యులు చెప్పియున్నచో ఈ సంగతి వారికి తెలుపవలయును.

మన చిక్కుడులో ముఖ్యముగా మూడు తెగలు. పందిరిపై ప్రాకి నెలల తరబడి కాయు పాదు చిక్కుడు ఒకటి. మోకాలెత్తున గుబురుగా పెరిగి త్వరగా కాచి ముగియు పొద చిక్కుడు రెండవది. గింజలకొఱకు మెట్టపొలములలో విత్తు అనుములు మూడవది. గోరుచిక్కుడు, తమ్మచిక్కుడు అనునవి పేరున చిక్కుళ్ళేగాని వేఱు మొక్కలు; వానికీ కరపత్రము చెల్లదు.

2. కాలనిర్ణయము

చిక్కుడు వ్యవసాయమున రైతు మొదట తెలిసికొనవలసినది కాలము. మన పాత పాదు రకములు పగటి పొడవునుబట్టి పూయునవి. పగలు తగ్గి రాత్రి పెరుగుచున్నగాని వానికి పూత రాదు. ఇది వ్రాసినవాడు ఒక సంవత్సరము ముందుగా కాయలు తినవలయునను ఆశతో చైత్రమాసమున పెరటిలో గింజలు పెట్టెను. తీగ పందిరిని కప్పి, ప్రక్క యింటి కప్పు నెక్కినది గాని ఆశ్వయుజము దాటువఱకు ఒక్క పువ్వైనను చూపలేదు. ఆషాఢమున గింజ పెట్టిన పొరుగింటి పాదును అదే పక్షమున పూసినది. ముందు విత్తినందున కలిగిన లాభము ఆకు మాత్రమే.

కావున పాదు రకములను జ్యేష్ఠ ఆషాఢ మాసములలో, అనగా జూన్, జూలై నెలలలో తొలకరి పదునుపై పెట్టవలయును. అక్టోబరు, నవంబరు నెలలలో పూత వచ్చి, సంక్రాంతికి ముందునుండి మాఘమాసము కడపటివఱకు కాయలు దొరకును.

లంకభూముల రైతులకు ఈ కాలము కుదురదు. శ్రావణ భాద్రపదములలో గోదావరి వఱద వచ్చును. 1986 ఆగష్టు నెలనాటి వఱదను చూచినవారికి లంకలలో ముందు విత్తుట యెంత సాహసమో చెప్పనక్కఱలేదు. వారు వఱద తీసిన పిమ్మట, సెప్టెంబరు కడపట గాని అక్టోబరులో గాని ఒండ్రుపై విత్తవచ్చును. అప్పటికే పగలు తగ్గుచుండును గనుక తీగ చిన్నదిగా నుండగనే పూతకు వచ్చును. పాదులు చిన్నవగుటచే దగ్గర దగ్గరగా పెట్టి ఆ లోటును పూరించుకొనవలయును.

పొద చిక్కుడులో బెంగుళూరి ఉద్యాన పరిశోధనాలయము వారు వెలువరించిన అర్క జయ్, అర్క విజయ్ అను రకములు పగటి పొడవుతో నిమిత్తము లేక పూయును. సార్వా కోసిన పిమ్మట, ఊటనీరు రాని మెరక మళ్ళలో వీనిని విత్తుకొనవచ్చును. దాళ్వా నీరు ప్రక్కనుండి ఊరు పల్లపు మడిలో మాత్రము ఏ చిక్కుడును నిలువదు.

3. నేల, పాదు, పందిరి

చిక్కుడు లోతుగా వేరుపాఱు మొక్క; కొంత ఎద్దడికి ఓర్చును గాని నిలువనీటికి ఓర్వదు. డెల్టాలోని జిగురు నేలలో పాదులు చచ్చుటకు ముఖ్యకారణము వేరువద్ద నీరు నిలుచుటయే. కావున గట్టుమీదను దొడ్డిలోను గూడ అడుగెత్తు మట్టిదిబ్బ చేసి దానిపై గింజ పెట్టవలయును. అడుగున్నర వెడల్పు, అంతే లోతు గల గుంట త్రవ్వి, రెండు తట్టల చివికిన పశువుల ఎరువును, గుప్పెడు సూపరు ఫాస్ఫేటును మట్టితో కలిపి నింపి, పైకి దిబ్బ కట్టవలయును.

పందిరి పాదులకు వరుసల నడుమ ఆఱు మొదలు ఎనిమిది అడుగులును, వరుసలో పాదునకు పాదునకు నాలుగడుగులును ఎడముంచవలయును. గుంటకు మూడు గింజలు పెట్టి, మొలచిన పిమ్మట బలమైన రెంటి నుంచి మిగిలినదానిని తీసివేయవలయును. ఎకరమునకు రెండు కిలోగ్రాములకు మించి విత్తనము పట్టదు. పొద రకములకు వరుసల నడుమ రెండడుగులు, మొక్కల నడుమ అడుగు. ఎకరమునకు ఎనిమిది మొదలు పది కిలోగ్రాములు కావలయును.

సరుగుడు గుంజలు, వెదుళ్ళు, కొబ్బరిమట్టలు మన సీమలో సులభముగా దొరకునవి. ఆఱడుగుల యెత్తున వానితో పందిరి వేయవచ్చును. పూతకాలమును గాలివానల కాలమును ఒక్కటియే యని మఱువరాదు. 1996 నవంబరు 6 వ తేదీనాటి తుపాను కోనసీమ కొబ్బరితోటలనే నేలకూల్చినది. అంతటి గాలికి ఏ పందిరియు నిలువదు గాని, ఏటేటవచ్చు సామాన్యపు గాలులకు నిలువవలెనన్న గుంజను రెండడుగుల లోతున పాతి, మూలలను లాగుత్రాళ్ళతో కట్టవలయును. పాదు పందిరి నెక్కగనే కొన త్రుంచినచో ప్రక్కకొమ్మలు వచ్చి పూత హెచ్చగును.

4. ఎరువు తక్కువ కోరు పంట

పప్పుజాతి మొక్కల వేళ్ళకు చిన్నచిన్న బుడిపెలుండును. కొందఱు రైతులు వానిని తెగులని భ్రమపడుదురు. 1886 లో జర్మనీదేశీయుడగు హెల్‌రీగెల్ ఆ బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలియందలి నత్రజనిని మొక్కకు ఆహారముగా మార్చుచున్నవని వెల్లడించెను. బుడిపెను గోటితో చిదిపి చూచినచో లోపల గులాబిరంగు కనబడవలయును. అట్లున్న అది పనిచేయుచున్నదని గుఱుతు. తెల్లగానో ఆకుపచ్చగానో యున్నచో పనిచేయుట లేదు.

ఇందువలన రెండు సంగతులు తేలుచున్నవి. మొదటిది, చిక్కుడునకు యూరియా విస్తారముగా వేయుట ధనవ్యయమే కాక పంటనష్టము కూడ. ఆకు బలిసి పూత తగ్గును, పేనుబంక పెరుగును. రెండవది, ఎన్నడును పప్పుజాతి వేయని నేలలో విత్తునపుడు, వ్యవసాయశాఖవారివద్ద దొరకు రైజోబియము పొడిని బెల్లపునీటితో గింజలకు పట్టించి, నీడను ఆరబెట్టి విత్తుట మేలు. పంట ముగిసిన పిమ్మట తీగను కోసి పశువులకు వేసి, వేళ్ళను నేలలోనే విడిచిపెట్టవలయును. వానిలోని సత్తువ తరువాతి పైరునకు చెందును.

5. పురుగులు, తెగుళ్ళు

లేత కొనలపై నల్లగా మూగు పేనుబంక ముఖ్యశత్రువు. మొదట కనబడిన కొనలను త్రుంచి సబ్బునీటిలో ముంచివేసినచో వ్యాపింపదు. హెచ్చైనపుడు వేపగింజల పప్పును పొడిచేసి, లీటరు నీటికి 50 గ్రాముల వంతున రాత్రి నానవేసి, ఉదయము గుడ్డతో వడియగట్టి, కొంచెము సబ్బు కలిపి సాయంకాలమున చల్లవలయును. కాయతొలుచు పురుగు పూవులను గూడుకట్టి లోపల తినును. అట్టి పూగుత్తులను, తొలిచిన కాయలను ఏరి కాల్చివేయవలయును. మినుము, పెసర చేలలో మనము ఎఱిగిన పల్లాకు తెగులువంటిదే చిక్కుడునకును వచ్చును. ఆకుపై పసుపు మచ్చలు కనబడిన పాదును వెంటనే పెఱికివేయవలయును. తెల్లదోమ దానిని పాదునుండి పాదునకు చేర్చును గనుక జాలిపడి ఉంచిన యొక్క పాదు పందిరినంతటిని చెఱుచును.

మందు చల్లక తప్పనిచో, ఆ మందు చీటిపై కాయ కోయుటకు ఎన్ని దినములు ఆగవలెనని వ్రాయబడియున్నదో అన్ని దినములు ఆగవలయును. చిక్కుడు రెండు మూడు దినముల కొకసారి కోతకు వచ్చు కాయ. ఉదయము మందు చల్లి సాయంకాలము కోసిన కాయ సంతకు పోయినను, మన వంటయింటికి వచ్చినను విషమే.

6. కంచములో చిక్కుడు

గోదావరిమండలములు చేరిన ఉత్తర సర్కారుల తీరము ఒకప్పుడు బెరిబెరి వ్యాధికి పేరుపడినది. కాళ్ళు తిమ్మిరెక్కి, వాచి, కడపట గుండె దుర్బలమగు ఆ వ్యాధికి కారణము, మరలో తవుడు పోవునట్లు తెల్లగా పాలిషు పట్టిన పచ్చిబియ్యమే ముఖ్యాహారమగుట. బియ్యముపైని పొరలోనుండు థయామిను అను విటమిను తవుడుతో పోయెడిది. ఈ వ్యాధిని పరిశోధించుటకు 1918 లో కూనూరున మెక్కారిసను అను వైద్యుడు ఒక చిన్న గదిలో ప్రారంభించిన శాఖయే పెరిగి, 1958 లో హైదరాబాదునకు మారి, నేటి జాతీయ పోషకాహార సంస్థ యైనది. నాటివలె ఆ వ్యాధి యిప్పుడు వ్యాపించియుండలేదు. కాని తెల్లని బియ్యమునందలి మన ప్రీతి తగ్గలేదు గనుక, తవుడుతో పోయినదానిని వేఱొక మార్గమున రాబట్టవలయును. ఎండు చిక్కుడుగింజ థయామిను గలది.

రెండవది మాంసకృత్తులు. పాలిషు పట్టిన బియ్యమున నూటికి ఏడెనిమిది పాళ్ళు మాంసకృత్తులుండగా, ఎండు చిక్కుడుగింజలో ఇరువది మొదలు ఇరువదియైదు పాళ్ళు కలవు. పచ్చికాయలో నీరే అధికమగుటచే రెండు మొదలు నాలుగు పాళ్ళు మాత్రమే. ఇందు విశేషమేమనగా, బియ్యమున లైసిను అను అంశము కొఱత, చిక్కుడున అది సమృద్ధి. చిక్కుడున మెథియోనిను అను అంశము కొఱత, దానిని బియ్యము తెచ్చును. రెండును ఒక్క కంచమున కలిసినపుడు ఒకదాని లోటు నొకటి తీర్చును.

మూడవది పీచు. గింజలోని పీచువలన అన్నములోని పిండిపదార్థము నెమ్మదిగా జీర్ణమై, రక్తములోనికి చక్కెర ఒక్కుమ్మడిగా చేరదు. మధుమేహము గలవారు అన్నము కొంత తగ్గించి కూర హెచ్చించుకొనుట మేలు. అయితే ఔషధమును మానరాదు. మూత్రపిండముల వ్యాధి గలవారు వైద్యుని యడిగియే పప్పుగింజలు తినవలయును.

నాల్గవది ఫోలిక్ ఆమ్లము. దీని చరిత్రతో మన సీమకు సంబంధము కలదు. 1895 లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులిరువురు సంగ్రహణిచే మరణించిరి; ఆయనయు ఆ వ్యాధిచే బాధపడెను. తరువాత ఆయన అమెరికాకు పోయి, లెడర్లీ పరిశోధనాలయమున తన బృందముతో 1945 నాటికి ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయించెను. సంగ్రహణివలన కలుగు రక్తహీనతకు అది మందైనది. ఆకునకు లాటిను మాటనుబట్టి ఏర్పడిన పేరది. ఆకుకూరలలోను, పచ్చికాయలలోను, పప్పుగింజలలోను అది కలదు. రక్తము పుట్టుటకును, గర్భస్థశిశువు యొక్క వెన్నెముక సరిగా ఏర్పడుటకును అది అవసరము. చిక్కుడు తినుచున్నామని గర్భిణులు వైద్యులిచ్చు ఇనుము, ఫోలిక్ మాత్రలను మానుట మాత్రము తప్పు. కూర మాత్రకు తోడేగాని బదులు కాదు.

7. వండు క్రమము

పచ్చికాయను ఈనె తీసి, కడిగి, ఆ తరువాతనే త్రుంచవలయును. త్రుంచి నీటిలో నానవేసినను, హెచ్చునీట ఉడికించి వార్చినను విటమినులు ఆ నీటితో పోవును. కొద్దినీట మూతపెట్టి ఉడికించి, కొబ్బరికోరుతోనో వంకాయతోనో కూర చేసికొనవలయును. దింపిన పిమ్మట నిమ్మరసము పిండినచో అందలి ఇనుము శరీరమునకు బాగుగా పట్టును. భోజనమైన వెంటనే కాఫీ, తేనీరు త్రాగినచో ఆ ఇనుము పట్టుట తగ్గును.

ఎండుగింజ సంగతి వేఱు. ముదిరిన గింజలో, అందును నల్లని, ముదురురంగు గింజలో, కొంత విషాంశము కలదు. పచ్చిగా నమలుటగాని, వేపుడుగా సగము వేచి తినుటగాని కూడదు. రాత్రి నానవేసి ఆ నీరు పాఱబోసి, క్రొత్తనీట మూతలేక బాగుగా పొంగించి ఆ నీటిని కూడ వార్చి, మఱల మెత్తగా ఉడికించి పులుసు పెట్టుకొనవలయును. ఇందు కొంత విటమిను పోయినను విషము పోవుట ముఖ్యము. నానిన గింజ కడుపుబ్బరమును గూడ తక్కువగా కలిగించును.

8. విత్తనము

అమ్మకమునకు కోయుచు పోయి కడపట మిగిలిన వంకరకాయలను విత్తనమునకుంచుట మన దురలవాటు. పూత నడిమికాలమున, తెగులులేని మంచి పాదును ముందే గుఱుతించి, దానికి గుడ్డపేలిక కట్టి, దాని కాయలను కోయక పాదునే ఎండనీయవలయును. ఒలిచి, రెండు మూడు ఎండలలో ఎండబెట్టి, పొడి బూడిదతో కలిపి, కుండలో పోసి మూతికి గుడ్డ కట్టవలయును. లేనిచో పుచ్చుపురుగు తొలకరివఱకు ఒక్క గింజనైన మిగులనీయదు.

9. ముగింపు

సంక్రాంతికి సంతలన్నిటను చిక్కుడు ఒక్కసారిగా దిగును గనుక ధర తగ్గును. కావున క్రొత్తగా పూనుకొనువారు ఎకరములకెకరములు వేయ పని లేదు. ముందు ఇంటికొఱకు నాలుగైదు పాదులు పెట్టి, తమ నేలలో ఏ రకము నిలుచునో తెలిసికొని, తరువాత అమ్మకము నాలోచింపవలయును.

వరిచేని రాబడిని రూపాయలలో లెక్కింపవచ్చును. గట్టుమీది నాలుగు చిక్కుడుపాదులు ఏ లెక్కకును రావు; వానికి బేరగాడును రాడు. కాని ఆ యింటి పిల్లల యొంటి సత్తువయందు, బాలింత ముఖమునందలి రక్తమునందు వాని రాబడి కనబడును. తొలకరి చినుకులకు వరి నారుమడి దున్నుటకు పోవు దినముననే నాలుగు చిక్కుడు గుంటలు త్రవ్వి రావలసినదిగా రైతులను కోరుచున్నాము.